చిన్నపిల్లల విద్యలో పీజీ, ఆ తరువాత ఉద్యోగం: బెంగళూరు, చెన్నైలలోని తెలుగువారు ఎలా సిద్ధపడాలి

మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ, వేళచ్చేరి వంటి చోట్ల స్థిరపడిన పాఠకులు, ముఖ్యంగా పెళ్లయ్యాక అనంతపురం నుంచో నెల్లూరు నుంచో వచ్చి ఇంటి దగ్గరి ప్రీస్కూల్లో టీచరుగా చేరినవారు, దాదాపు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. డిగ్రీ ఉంది, పిల్లలతో పని నచ్చింది, ఇక ముందుకు వెళ్లాలంటే ఏ కోర్సు చేయాలి? ఈ ప్రశ్నను తిరగవేసి అడగడం మంచిదని నా అభిప్రాయం. అయిదేళ్ల తరువాత మీరు ఏ పనిలో ఉండాలనుకుంటున్నారో ముందు తేల్చుకుని, ఆ పనికి ఎవరి గుర్తింపు అవసరమో చూసి, అక్కడి నుంచి వెనక్కి వస్తూ కోర్సును ఎంచుకోవాలి. ముందు కోర్సులో చేరి తరువాత పని వెతుక్కున్నవారిలో చాలామంది డబ్బు, రెండేళ్ల కాలం ఖర్చుపెట్టాక తాము కోరుకున్న ఉద్యోగానికి ఆ సర్టిఫికెట్ పనికిరాదని తెలుసుకుంటున్నారు. అది జరగకుండా చూడటానికే ఈ వ్యాసం.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవలసినవి

- పదో తరగతి, ఇంటర్ మార్కుల మెమోలు, డిగ్రీ మార్కుల మెమో (సీఎంఎం), ప్రొవిజనల్ సర్టిఫికెట్ (పీసీ), అసలు డిగ్రీ పట్టా (ఓడీ). ఓడీ ఇంకా తీసుకోకపోతే ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.
- టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్. రాష్ట్రం మారి చదివేవారికి మైగ్రేషన్ తప్పనిసరి అవుతుంది.
- వర్తించేవారికి కుల, ఆదాయ ధ్రువపత్రాలు.
- ప్రీస్కూల్లో పనిచేసి ఉంటే తేదీలతో, పిల్లల వయసు రాసి ఉన్న అనుభవ పత్రం.
- ఒక లావుపాటి నోటు పుస్తకం. రెండో దశ నుంచి చివరి దాకా దీని అవసరం ఉంటుంది.

1. ముందు పనిని ఎంచుకోండి

జాతీయ విద్యా విధానం 2020 మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా ఒక్కటిగా చూసింది. ప్రీస్కూల్ లేదా అంగన్‌వాడీలో మూడేళ్లు, ఒకటి, రెండు తరగతులు ఈ దశలోకి వస్తాయి. అందువల్ల ఈ రంగంలో పని అంటే నర్సరీ టీచరు ఉద్యోగం ఒక్కటే కాదు. కింద చెప్పినవాటిలో మీకు ఏది దగ్గరగా ఉందో గుర్తించండి.

తరగతి గదిలోనే ఉండి, తరువాత కోఆర్డినేటరుగానో సెంటర్ హెడ్‌గానో ఎదగడం మొదటి దారి. స్వచ్ఛంద సంస్థలలో చేరి అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇవ్వడం, పాఠ్య సామగ్రి తయారు చేయడం రెండోది. ఎదుగుదలలో ఆలస్యం లేదా వైకల్యం ఉన్న పసిపిల్లలతో పనిచేసే ముందస్తు చికిత్స, శిక్షణ మూడోది. ప్రభుత్వ మహిళా శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజరు, సీడీపీఓ (శిశు అభివృద్ధి పథకం అధికారి) వంటి ఉద్యోగాలు నాలుగోది. కాలేజీలో బోధన, పరిశోధన అయిదోది. వీటికి తోడు బెంగళూరు, చెన్నై ఐటీ కారిడార్లలో ఇంకొక దారి ఏర్పడింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ నాటి నుంచి 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్, అంటే ఉద్యోగుల పసిపిల్లలను చూసుకునే కేంద్రం, సౌకర్యం కల్పించాలి. ఆ క్రెష్‌లను నడపడానికి మూడేళ్లలోపు పిల్లల గురించి తెలిసినవారు కావాలి. మన దగ్గర మూడేళ్లు దాటిన పిల్లల గురించి చదివినవారు ఎక్కువగానూ, అంతకన్నా చిన్నవారి గురించి చదివినవారు తక్కువగానూ ఉన్నారు కనుక, ఈ వయసు మీద ఆసక్తి ఉంటే దాన్ని వదులుకోవద్దు.

ఇక్కడ జరిగే పొరపాటు: “ఏదైనా ఫర్వాలేదు, ఈ రంగంలో ఉంటే చాలు” అనుకోవడం. ఒక్కో దారికి ఒక్కో రకం అర్హత ఉంది.

సరిచూసుకోవడం: “నేను ఫలానా వయసు పిల్లల కోసం, ఫలానా చోట, ఫలానా పని చేస్తాను” అని ఒక్క వాక్యం రాయండి. మూడు ఖాళీలూ నిండితేనే రెండో దశకు వెళ్లండి.

2. ఒక నెల పాటు తరగతిలో కూర్చుని చూడండి, రాయండి

ఇప్పటికే టీచరుగా ఉన్నవారు కూడా ఈ దశను దాటవేయవద్దు. పాఠం చెబుతూ పిల్లలను చూడటం ఒక పని, ఏమీ చెప్పకుండా ఒక మూల కూర్చుని చూడటం వేరే పని. మీ బడిలోనే వేరే టీచరు గదిలో, లేదా ప్రధానోపాధ్యాయురాలి అనుమతితో దగ్గరలోని మరో ప్రీస్కూల్లో, వారానికి రెండు మూడు సార్లు గంట చొప్పున కూర్చోండి. ప్రతిసారీ ఒక్క బిడ్డనే ఇరవై నిమిషాలు గమనించి, చూసినదాన్ని చూసినట్టే రాయండి. పిల్లల అసలు పేర్లు రాయవద్దు, ఫొటోలు తీయవద్దు.

రాయడంలోనే చాలామంది తడబడతారు. “బాబు మొండివాడు, ఎవరితోనూ కలవడు” అన్నది మీ తీర్పు, దాని నుంచి ఎవరికీ ఏమీ తెలియదు. అదే విషయాన్ని ఇలా రాయవచ్చు: “టీచరు ఇంగ్లిషులో రంగుల పేర్లు అడిగినప్పుడు నాలుగేళ్ల బాబు తల దించుకున్నాడు. పక్కన అమ్మాయి కన్నడంలో ఏదో అడిగితే జవాబు చెప్పకుండా జరిగి కూర్చున్నాడు. చింతపిక్కల బుట్ట ఇచ్చాక వాటిని వరుసలో పేర్చుతూ ఒకటి, రెండు, మూడు అని తెలుగులో పదకొండు దాకా మెల్లగా లెక్కపెట్టాడు. ఆరును ఒకసారి వదిలేశాడు, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టి సరిచేసుకున్నాడు.” ఈ రెండో రాతలో బిడ్డకు లెక్కింపు వచ్చని, తప్పును తానే దిద్దుకోగలడని, భాష దగ్గర ఆగిపోతున్నాడని చదివినవారికి తెలుస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం లేదా తమిళం, బడిలో ఇంగ్లిషు వినే పిల్లలు ఈ రెండు నగరాల్లోనూ కోకొల్లలు. వాళ్లను “సిగ్గరి” అనో “స్లో” అనో పక్కనపెట్టే అలవాటును మార్చగలిగినవారిలో వారి భాష తెలిసిన మీరు ముందుంటారు. ఇది నేను మనసారా నమ్మే మాట.

హెచ్చరిక: బిడ్డలో ఏదో సమస్య ఉందని మీకు అనిపించినా తల్లిదండ్రులకు రోగం పేరు చెప్పవద్దు. చూసినది బడి పెద్దలకు చెప్పి, నిపుణుల దగ్గరకు పంపమని కోరడం దాకానే మీ హద్దు.

సరిచూసుకోవడం: రాసిన పేజీని ఎర్ర పెన్నుతో చదవండి. మంచి, చెడ్డ, మొండి, తెలివైన, అల్లరి అనే మాటలన్నీ కొట్టేయండి. కొట్టేశాక పేజీలో ఇంకా విషయం మిగిలితే మీ పరిశీలన బాగుంది.

ఒక నెల తరువాత కూడా ఆ గదిలోకి వెళ్లాలని అనిపించకపోతే ఆ మాటను గౌరవించండి. పిల్లల పుస్తకాలు, బొమ్మల రూపకల్పన, సంస్థల నిర్వహణ వంటి పనులు చిన్నపిల్లల కోసమే అయినా నిత్యం తరగతిలో ఉండనవసరం లేనివి.

3. ఏ పనికి ఎవరి గుర్తింపు కావాలో చూడండి

వ్యాసంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టాన్ని తప్పించేది ఈ దశ. నిదానంగా చదవండి.

డిగ్రీ, పీజీ ఇచ్చే అధికారం యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) గుర్తించిన విశ్వవిద్యాలయాలకే ఉంటుంది. ఎంఏ ఎడ్యుకేషన్, ఎంఎస్సీ హ్యూమన్ డెవలప్‌మెంట్ (మానవ వికాసం) ఈ కోవలోవి. ఉపాధ్యాయ శిక్షణ కోర్సులకు ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) గుర్తింపు ఉండాలి. బీఈడీ, ఎంఈడీ, ప్రీస్కూల్ టీచర్ల కోసం ఉన్న రెండేళ్ల డీపీఎస్‌ఈ డిప్లొమా, ఇంటర్ తరువాత డిగ్రీ, ఉపాధ్యాయ శిక్షణ కలిపి నాలుగేళ్లు చదివే ఐటెప్ దాని కిందకు వస్తాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సంబంధించిన కోర్సులకు 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తింపు కావాలి. కోర్సు అయ్యాక ఆ మండలిలో పేరు నమోదు చేసుకుంటేనే వృత్తిగా చేయవచ్చు. మాంటిస్సోరి శిక్షణ వీటికి బయట ఉంటుంది. దానికి అంతర్జాతీయ సంఘమైన ఏఎంఐ వంటి సంస్థల గుర్తింపుకు మాంటిస్సోరి బడుల్లో విలువ ఉంది కానీ, దాన్ని పీజీ డిగ్రీతో సమానంగా ప్రభుత్వ ఉద్యోగాల్లో చూపలేరు.

ఇక్కడ తరచుగా జరిగే తప్పులు:

బీఈడీ చేస్తే చిన్నతరగతులకు కూడా చెప్పవచ్చని అనుకోవడం. ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయ నియామకానికి బీఈడీ అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తీర్పు చెప్పింది. ప్రైవేటు ప్రీస్కూళ్లు బీఈడీ ఉన్నవారిని సంతోషంగా తీసుకుంటాయి, అయినా ఆ కోర్సులో చదివేది ప్రధానంగా పై తరగతుల బోధన.

ఎంఏ ఎడ్యుకేషన్‌ను, ఎంఈడీని ఒకటే అనుకోవడం. ఎంఏకు సాధారణంగా ఏ డిగ్రీ అయినా చాలు. ఎంఈడీకి అంతకుముందే బీఈడీ వంటి ఉపాధ్యాయ శిక్షణ ఉండాలి. ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో లెక్చరరు కావాలనుకునేవారు ఈ తేడాను ముందే లెక్కలోకి తీసుకోవాలి.

“ఎన్‌టీటీ” (నర్సరీ టీచర్ ట్రైనింగ్), “ఇంటర్నేషనల్ పీజీ డిప్లొమా” అని రాసిన ఫ్లెక్సీని నమ్మి చేరడం. వీటిలో కొన్నిచోట్ల బోధన బాగానే ఉండవచ్చు. ఆ సర్టిఫికెట్ మీద ఏ విశ్వవిద్యాలయం ముద్రా లేకపోతే అది ఆ సంస్థ ఇచ్చిన కాగితం మాత్రమే.

పీజీ చేస్తే సీడీపీఓ పరీక్ష రాయవచ్చని అనుకోవడం. తెలంగాణలో గతంలో వచ్చిన ప్రకటనలు హోమ్‌సైన్స్, సోషల్ వర్క్, సోషియాలజీ వంటి డిగ్రీలను అడిగాయి. బీకాం తరువాత ఎంఏ ఎడ్యుకేషన్ చేసినవారికి అక్కడ దారి మూసుకుపోవచ్చు. మీ లక్ష్యం ఆ ఉద్యోగమే అయితే పాత ప్రకటన ఒకటి దింపుకుని అర్హతల పేరా చదివి, స్థానికత నియమం మీకు ఎలా వర్తిస్తుందో కూడా చూసుకున్న తరువాతే కోర్సు గురించి ఆలోచించండి.

సరిచూసుకోవడం: ప్రవేశాల కార్యాలయానికి ఈమెయిల్ రాసి రెండే ప్రశ్నలు అడగండి. “సర్టిఫికెట్ మీద కోర్సు పేరు అక్షరాలా ఏమని ఉంటుంది? దాన్ని ఏ విశ్వవిద్యాలయం లేదా మండలి జారీ చేస్తుంది?” ఫోనులో చెబుతాం, ఒకసారి ఆఫీసుకు రండి అని మాత్రమే జవాబు వస్తే అక్కడ ఫీజు కట్టవద్దు. రాతపూర్వకంగా జవాబు వస్తే ఆ పేరును యూజీసీ, ఎన్‌సీటీఈ లేదా ఆర్‌సీఐ వెబ్‌సైటు జాబితాలో మీరే వెతకండి.

4. సంస్థల చిట్టా తయారు చేసుకోండి

బెంగళూరులో సర్జాపుర దగ్గరి అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఎంఏ ఎడ్యుకేషన్‌లో చిన్నపిల్లల విద్యను ప్రత్యేకాంశంగా తీసుకునే వీలు కల్పిస్తోంది. రెండేళ్ల కోర్సు, ఏ డిగ్రీ చదివినవారైనా దరఖాస్తు చేయవచ్చు, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో, వసతిలో పాక్షికంగా లేదా పూర్తిగా సాయం ఇస్తుంది. ఫీజు అంకె చూసి వెనక్కి తగ్గేవారు ముందు ఆ సాయం గురించిన పేజీ చదవాలి. దాన్ని నడిపే ఫౌండేషన్ తెలంగాణలోని సంగారెడ్డి జిల్లా అంగన్‌వాడీలతో ఏళ్ల తరబడి పనిచేస్తోంది కనుక, తెలుగు వచ్చినవారికి అక్కడి క్షేత్ర అనుభవం గురించి అడిగి తెలుసుకోవడం మంచిది. నగరంలోనే శేషాద్రి రోడ్డులో ఉన్న వీహెచ్‌డీ కేంద్రీయ గృహవిజ్ఞాన సంస్థ హ్యూమన్ డెవలప్‌మెంట్ చదువుకు చాలాకాలంగా పేరున్నది.

చెన్నైలో ఉండి ప్రత్యేక అవసరాల వైపు వెళ్లాలనుకునేవారు ముట్టుకాడులోని జాతీయ బహుళ వైకల్యాల సంస్థ, నీప్‌మెడ్, కోర్సులను మొదట చూడాలి. టి.నగర్‌లోని మధురం నారాయణన్ కేంద్రం పుట్టినప్పటి నుంచి ఆరేళ్ల దాకా పిల్లలతో చేసే పనికి పేరుపొందింది. అక్కడ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవడం ఈ దారి ఎంచుకునేవారికి ఎంతో ఉపకరిస్తుంది. తమిళనాడులోనే కోయంబత్తూరు అవినాశిలింగం సంస్థ మహిళలకు హ్యూమన్ డెవలప్‌మెంట్‌లో పీజీ అందిస్తోంది.

సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్లగలిగినవారికి హైదరాబాదు సైఫాబాద్‌లోని కమ్యూనిటీ సైన్స్ కళాశాల, గుంటూరులో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉన్న కళాశాల ఉన్నాయి. ఇవి ఎక్కువగా హోమ్‌సైన్స్ లేదా కమ్యూనిటీ సైన్స్ డిగ్రీ చదివినవారికి సరిపోతాయి. సికింద్రాబాదులోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ, నీపిడ్‌లో ముందస్తు శిక్షణకు సంబంధించిన పీజీ డిప్లొమా ఉంది. దూరమైనా ఫర్వాలేదనుకుంటే ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో చిన్నపిల్లల సంరక్షణ, విద్య మీదే ఎంఏ ఉంది. ఢిల్లీ లేడీ ఇర్విన్ కళాశాల, బరోడా ఎంఎస్ విశ్వవిద్యాలయం ఈ శాస్త్రంలో దేశానికి పెద్దదిక్కులు.

ప్రత్యామ్నాయం: ఇల్లు, పసిపిల్లలు, ఉద్యోగం కారణంగా రెండేళ్లు పూర్తి సమయం ఇవ్వలేనివారు ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) వారి చిన్నపిల్లల సంరక్షణ, విద్య డిప్లొమా అయిన డీఈసీఈతో మొదలుపెట్టవచ్చు. ఇంటర్ చదివినవారు అర్హులు, కనీసం ఏడాదిలో పూర్తవుతుంది, ప్రాజెక్టు పని ఉంటుంది. ఇది పీజీ కాదు. అయినా ఈ విషయం మీకు నిజంగా పడుతుందో లేదో తక్కువ ఖర్చుతో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు కనిపించలేదు. ఒకే సమయంలో రెండు కోర్సులు చదవడానికి యూజీసీ 2022 నుంచి అనుమతిస్తోంది కనుక మరో పీజీతో పాటు కూడా దీన్ని చేయవచ్చు.

సరిచూసుకోవడం: చిట్టాలో అయిదారు పేర్లకు మించవద్దు. ప్రతి పేరు పక్కన మీ డిగ్రీ అర్హత, ప్రవేశ పరీక్ష, ఫీజు, క్షేత్ర పని (బడులు, అంగన్‌వాడీలకు వెళ్లి చేసే పని) ఎన్ని వారాలు అన్నవి రాయండి. క్షేత్ర పని గురించి సరైన సమాచారం దొరకని కోర్సును చిట్టా నుంచి తీసేయండి.

5. కాగితాల పని

రాష్ట్రం దాటి ఉంటున్న మనవారు ఎక్కువగా ఇబ్బందిపడేది రిజర్వేషన్ దగ్గర. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని బీసీ సర్టిఫికెట్‌తో కర్ణాటక, తమిళనాడు రాష్ట్ర కోటా రాదు. కేంద్ర సంస్థల్లో ఓబీసీ కోటా కావాలంటే మీ కులం కేంద్ర జాబితాలో ఉండాలి, సర్టిఫికెట్ కేంద్రం నమూనాలో క్రీమీలేయరు కాదని చెబుతూ ఉండాలి. దాన్ని సొంత ఊరి తహసీల్దారు నుంచి తెచ్చుకోవాలి, అప్పటికి చెల్లేదిగా ఉండాలి. దరఖాస్తు చివరి వారంలో ఊరికి పరుగెత్తే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా సొంత రాష్ట్రపు కాలేజీలో వచ్చినట్టే ఇక్కడా వస్తుందని అనుకోవద్దు. సంక్షేమ శాఖను ముందే అడగండి.

పెళ్లి తరువాత ఇంటిపేరు మారినవారు ఆధార్, పదో తరగతి మెమో, డిగ్రీ పట్టాలలో పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం సరిపోల్చండి. తేడా ఉంటే దరఖాస్తును పదో తరగతి మెమోలోని పేరుతో నింపడమే క్షేమం.

6. ఉద్దేశ పత్రం రాయడం

పీజీ దరఖాస్తుతో పాటు మీరు ఎందుకు చదవాలనుకుంటున్నారో రాయమని చాలా సంస్థలు అడుగుతాయి. “నాకు చిన్నప్పటి నుంచి పిల్లలంటే ప్రాణం” అని మొదలుపెట్టకండి. అది అబద్ధమని కాదు, అందరూ అదే రాస్తారు కనుక మీ గురించి దాని నుంచి ఏమీ తెలియదు. రెండో దశలోని నోటు పుస్తకం తెరవండి. మీరు చూసిన ఒక బిడ్డ, ఒక సందర్భం ఎంచుకుని అయిదారు వాక్యాల్లో చెప్పండి. తరువాత దాని నుంచి మీకు పుట్టిన ప్రశ్న రాయండి. చింతపిక్కల బాబునే తీసుకుంటే, మూడు భాషలు వినిపించే గదిలో ఇంటి భాషలో బిడ్డకు వచ్చినదాన్ని టీచరు ఎలా గుర్తించగలదు అన్నది ప్రశ్న అవుతుంది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఈ కోర్సులోని ఏ భాగం ఉపయోగపడుతుందో చెప్పి, చదివాక మొదటి దశలో రాసుకున్న ఒక్క వాక్యంతో ముగించండి.

ముందు తెలుగులో రాసుకుని తరువాత ఇంగ్లిషులోకి మార్చుకోవడంలో తప్పులేదు. దాని వల్ల ఆలోచన చెదరదు. వేరేవారి పత్రాన్ని మాత్రం నకలు చేయకండి, ముఖాముఖిలో మొదట అడిగేది దాని గురించే.

సరిచూసుకోవడం: ఈ రంగంతో సంబంధం లేని ఒకరికి చదవనివ్వండి. చదివాక కాగితం తీసుకుని, మీరు ఏ వయసు పిల్లల గురించి రాశారు, ఏ ప్రశ్న వేశారు అని అడగండి. రెండింటికీ వెంటనే జవాబు చెప్పలేకపోతే మళ్లీ రాయండి.

7. ప్రవేశ పరీక్ష, ముఖాముఖి

పరీక్షలు సంస్థను బట్టి మారతాయి. ఇచ్చిన భాగాన్ని చదివి అర్థం చేసుకోవడం, తర్కం, ఒక చిన్న వ్యాసం చాలావాటిలో ఉంటాయి కనుక రోజూ ఒక సంపాదకీయం చదివి పది వాక్యాల్లో మీ అభిప్రాయం రాయడం సాధన చేయండి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల ఎంఎస్సీకి అయితే డిగ్రీ పాఠాలను మళ్లీ చదవక తప్పదు.

ముఖాముఖికి ఈ విషయాల మీద సొంత మాటల్లో మాట్లాడగలగాలి. చిన్నపిల్లల అభివృద్ధి గురించి మీనా స్వామినాథన్ అధ్యక్షతన ఏర్పడిన అధ్యయన బృందం 1972లో ఇచ్చిన నివేదిక, దాని దారిలో 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం, ఐసీడీఎస్, అందులో భాగమైన అంగన్‌వాడీ. 2013 నాటి జాతీయ ఈసీసీఈ (చిన్నపిల్లల సంరక్షణ, విద్య) విధానం. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం, అందులో ఇంటి భాషకు, ఆటకు ఇచ్చిన స్థానం, ఈ వయసు పిల్లలకు రాత పరీక్షలు తగవని చెప్పిన భాగం. 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మూడేళ్లలోపు పిల్లల కోసం విడుదల చేసిన నవచేతన చట్రం, మూడు నుంచి ఆరేళ్లవారి కోసం విడుదల చేసిన ఆధార్‌శిల పాఠ్య ప్రణాళిక. చెన్నైవారైతే మరియా మాంటిస్సోరి 1939లో అడయారు దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై వచ్చి శిక్షణ ఇచ్చిన సంగతి, తమిళనాడు ప్రభుత్వం 2019లో మిడిల్ స్కూళ్ల ఆవరణలోని 2,381 అంగన్‌వాడీలలో ఎల్‌కేజీ, యూకేజీ తెరిచిన సంగతి కూడా తెలుసుకుని ఉండాలి.

పొరపాటు: ఈ పేర్లూ తేదీలూ బట్టీపట్టి అప్పజెప్పడం. “అంగన్‌వాడీలో ఎల్‌కేజీ పెడితే మంచిదేనా?” అని అడిగినప్పుడు మీరు ఒక్క అంగన్‌వాడీనైనా చూసి ఉంటే జవాబు దానంతట అదే వేరుగా ఉంటుంది. కాబట్టి ముఖాముఖికి ముందు ఒక పూట అనుమతి తీసుకుని మీ పేటలోని కేంద్రానికి వెళ్లి రండి.

8. చదువుతున్న రెండేళ్లలో చేయవలసినవి

క్షేత్ర పనికి రోజువారీ రికార్డు ఉంచండి: తేదీ, చోటు, పిల్లల వయసు, గంటలు, పర్యవేక్షించినవారి సంతకం. ఇది విదేశాలకు వెళ్లాలనుకునేవారికి మరీ ముఖ్యం. ఉదాహరణకు ఆస్ట్రేలియాలో ప్రీస్కూల్ టీచరుగా వలస అర్హతను పరిశీలించే సంస్థ మొత్తం నాలుగేళ్ల ఉన్నత విద్యను, అందులో ఉపాధ్యాయ శిక్షణను, పర్యవేక్షణలో చేసిన బోధనాభ్యాసాన్ని చూస్తుంది. ఇంగ్లిషు భాషా పరీక్షలో మంచి స్కోరు కూడా అడగవచ్చు. బోధనాభ్యాసం లేని పీజీతో అక్కడికి వెళ్లి తంటాలు పడటం కన్నా కోర్సు ఎంచుకునేటప్పుడే ఇది చూసుకోవడం మేలు.

కన్నడం లేదా తమిళం చదవడం, రాయడం కూడా నేర్చుకోండి. మాట్లాడటం వస్తే చాలని అనుకోవద్దు. అంగన్‌వాడీ టీచరు రాసే రిజిస్టరు ఆ భాషలోనే ఉంటుంది. దాన్ని చదవలేని శిక్షకురాలు ఆమెకు ఏ సాయమూ చేయలేదు. కాలేజీ బోధన వైపు వెళ్లేవారు లెక్చరరు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌కు రెండో ఏడాది నుంచే సిద్ధపడాలి. ఎంఎస్సీ హ్యూమన్ డెవలప్‌మెంట్ చదివినవారు హోమ్‌సైన్స్‌లోనూ, ఎంఏ ఎడ్యుకేషన్ చదివినవారు ఎడ్యుకేషన్‌లోనూ రాస్తారు.

9. ఉద్యోగంలో చేరే ముందు

ప్రైవేటు ప్రీస్కూళ్లలో జీతాలు, చేసే పనికి, చదివిన చదువుకు తగినట్టుగా చాలాచోట్ల లేవు. పీజీ చేశాక కూడా మొదటి జీతం నిరాశ కలిగించవచ్చు. స్వచ్ఛంద సంస్థలు, పెద్ద బడుల పాఠ్య ప్రణాళిక విభాగాలు, శిక్షణ ఇచ్చే పనులు సాధారణంగా మెరుగ్గా ఉంటాయి. కాబట్టి ఒకటి రెండేళ్లు తరగతిలో గడిపి వాటి వైపు వెళ్లే ఆలోచన పెట్టుకోండి. తరగతి అనుభవం లేకుండా నేరుగా ఆ ఉద్యోగాలకు వెళ్లినవారి మాటను టీచర్లు నమ్మరు, నమ్మకపోవడంలో న్యాయం ఉంది.

డెమో పాఠానికి పిలిచినప్పుడు మీరు కూడా బడిని పరీక్షించండి. 2013 విధానం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 20 మందికి ఒక పెద్దవారు, మూడేళ్లలోపు పిల్లలు 10 మందికి ఒకరు ఉండాలి. గదిలోకి వెళ్లి తలలు లెక్కపెట్టండి. పిల్లలు అన్నం తినే సమయంలో అక్కడ ఉండగలిగితే ఇంకా మంచిది, బడి స్వభావం ఆ అరగంటలో తెలిసినంతగా పాఠంలో తెలియదు. సిబ్బందికి పోలీసు తనిఖీ చేయించారా, మరుగుదొడ్డికి పిల్లలను ఎవరు తీసుకెళ్తారు, ఇంటికి పంపేటప్పుడు ఎవరు వచ్చారో ఎలా గుర్తిస్తారు అని అడగండి. ఈ ప్రశ్నలకు చిరాకుపడే చోట చేరవద్దు.

నియామక పత్రంలో ఇవి రాసి ఉన్నాయో లేదో చూడండి: జీతం పన్నెండు నెలలకా పదకొండుకా, వేసవిలో అడ్మిషన్ల పనికి రావాలా, పీఎఫ్ కడతారా, ప్రసూతి సెలవు 26 వారాలు ఇస్తారా. అయిదేళ్లు పనిచేసిన ప్రైవేటు బడి టీచర్లకు కూడా గ్రాట్యుటీ హక్కు ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచాలని అడిగితే ఒప్పుకోవద్దు, జిరాక్సులు ఇచ్చి ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి. ఏడాది మధ్యలో మానేస్తే రెండు నెలల జీతం కట్టాలనే షరతు ఉంటే దాన్ని మార్చమని సంతకానికి ముందే అడగండి. మార్చిన వాక్యం ఆ పత్రంలోనే కనిపించాలి, నోటిమాట సరిపోదు.